ఎదురుకాళ్ళ బిడ్డ: నెలలు నిండిన తరువాతి నిర్ణయము

శిశువు గర్భములో తొమ్మిదవ నెల ప్రవేశించునాటికి తల క్రిందికి దించి, పిరుదులును కాళ్ళును పైకి పెట్టుకొని, వెలికి వచ్చుటకు సిద్ధముగా నుండుట సృష్టిలో సామాన్యముగా జరుగునట్టిది. 28వ వారమున పరీక్షించినచో నూటికి 20 మంది మొదలు 25 మంది దాక శిశువులు ఇంకను తల పైననే పెట్టుకొని యుందురు. వారిలో పెక్కుమంది తరువాతి రెండు మాసములలో, ఎవరి ప్రమేయమును లేకయే, ఏ రాత్రివేళనో పిల్లిమొగ్గ వేసి తిరిగిపోవుదురు. నెలలు పూర్తిగా నిండునప్పటికి నూటికి ముగ్గురో నలుగురో మాత్రము తిరుగక మిగులుదురు. వీరినే మన పల్లెలలో ఎదురుకాళ్ళ బిడ్డలని అందురు. ఇట్టి బిడ్డను ఏ మార్గమున, ఏ దినమున, ఏ ఊరి ఆసుపత్రిలో భూమి మీదికి తెచ్చుకొనవలెనను ప్రశ్న మహానగరములోని గర్భవతికి ఒక విధముగా నుండును. కర్నూలుకు సుమారు 85 కిలోమీటర్ల దూరమునను, ఆదోనికి సుమారు 40 కిలోమీటర్ల దూరమునను, వేరుసెనగ చేలకును టొమాటో తోటలకును నడుమ నున్న పత్తికొండ ప్రాంతపు గర్భవతికి వేరొక విధముగా నుండును. మొదటి ఆమె ప్రశ్నకు వైద్యగ్రంథములు విపులముగనే సమాధానము చెప్పినవి. రెండవ ఆమె ప్రశ్నకు ఆ సమాధానమునే ఆధారముగా గొని, ఇచ్చటి దూరములను, ఇచ్చటి ఆచారములను, ఇచ్చటి నెత్తురు కొరతను కలిపి, మరల ఆలోచింపవలసి యున్నది.

ఈ సంగతి మొట్టమొదట బయటపడునది చేతి స్పర్శవలన. ఉపకేంద్రములో ఏఎన్‌ఎం గర్భవతిని బల్లపై వెల్లకిల పరుండబెట్టి, మోకాళ్ళు కొంచెము ముడుచుకొమ్మని చెప్పి, తన రెండు అరచేతులను గర్భాశయపు పైభాగమున, అనగా ప్రక్కటెముకల దిగువ నుంచి, మెల్లగా ఒత్తి చూచును. అచ్చట మెత్తగా, వెడల్పుగా, అంచు తెలియని ముద్దవలె తగిలినచో అవి పిరుదులు. కఠినముగా, గుండ్రముగా, ఒక చేతితో తట్టిన రెండవ చేతికి తగిలి మరల వెనుకకు వచ్చునట్టిదైనచో అది తల. పిమ్మట పొత్తికడుపు మీద వ్రేళ్ళు దించి క్రిందిభాగమును కూడ అట్లే పరీక్షించును. శిశుహృదయధ్వని నాభికి పైభాగమున స్పష్టముగా వినవచ్చుట మరియొక గురుతు. తల్లి మాటలను సైతము చెవియొగ్గి వినవలెను. "పైన గట్టిగా బంతి మాదిరి ఒత్తుకుంటాందమ్మా, తన్నేదంతా అడుగున్నే" అని ఒక గర్భవతి చెప్పినచో, ఆమె తెలియకయే తన రోగనిర్ణయమును తానే చేసికొన్నదన్నమాట. ఐనను చేతి పరీక్షకు అందక తప్పిపోవునవి కొన్ని యుండనే యుండును. కడుపు బిగువుగా నున్న తొలిచూలు గర్భవతులలో నిది మరింత సంభవము. కావున 36వ వారమున ఏ మాత్రము సందేహము కలిగినను స్కానింగు చేయింపవలెను. నెలనెల 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భవతులకు ఉచితముగా జరుగు పరీక్ష, 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ పథకము క్రిందిది, ఇట్టి సందేహమును తీర్చుకొనుటకు తగిన అవకాశము.

బిడ్డ ఎందులకు తిరుగలేదని అడుగని తల్లి యుండదు. తాను బరువు లెత్తితిననియో, గ్రహణవేళ బయటికి వచ్చితిననియో తన్ను తాను నిందించుకొనని తల్లియు అరుదు. అట్టి నిందకు ఏ ఆధారమును లేదు. గర్భాశయము బోర్లించిన సొరకాయబుర్రవలె పైన విశాలముగను క్రింద ఇరుకుగను ఉండుటచేత, ఎదిగిన శిశువు చోటు ఎక్కువ కావలసిన పిరుదులను, మడచిన కాళ్ళను పైకి చేర్చుకొని, తలను క్రింది ఇరుకునకు దించును. ఈ సర్దుబాటునకు అడ్డు వచ్చు కారణములు కొన్ని గలవు: మాయ క్రిందిభాగమున అంటుకొని యుండుట, గర్భాశయములో గడ్డ యుండుట, గర్భాశయము పుట్టుకతోనే రెండుగా చీలిన ఆకారమున నుండుట, ఉమ్మనీరు మితిమీరుటయో మిక్కిలి తగ్గుటయో, కవలలు, పలుమారులు ప్రసవించి కడుపు కండరములు వదులగుట. నెలలు నిండకమున్నే వచ్చు కాన్పులలో ఎదురుకాళ్ళు ఎక్కువగా కనిపించుటకు, బిడ్డ తిరుగవలసిన సమయము ఇంకను రాకపోవుటయే హేతువు. ఇవి యేవియు లేకయే, కారణము చెప్పుటకు వీలులేకయే, తల పైకి నిలిచిపోయినవారే పెక్కురు.

తల పైకున్న బిడ్డలందరు ఒకే భంగిమలో నుండరు; నిర్ణయమున కీ భేదము ముఖ్యము. సగమునకు పైబడి శిశువులు తుంటి దగ్గర మాత్రము వంగి, మోకాళ్ళు చాచి, పాదములు ముఖము దగ్గరకు చేర్చుకొని యుందురు. కొందరు బాసిపట్టు వేసికొని కూర్చున్నట్లు తుంటియు మోకాళ్ళును మడచి యుందురు. మరికొందరి కొక పాదమో రెండు పాదములో పిరుదులకంటె క్రిందికి దిగి యుండును. మొదటి భంగిమలో పిరుదులు గర్భాశయముఖమును చక్కగా మూసి యుంచును; ఉమ్మనీరు పోయినను బొడ్డుతాడు జారుటకు సందు దొరకదు, నూటికి ఏ అరవంతు కాన్పులలోనో తప్ప ఆ ప్రమాదము కలుగదు. రెండవదానిలో ఆ ప్రమాదము నూటికి సుమారు ఐదు, పాదములు దిగిన మూడవదానిలో నూటికి సుమారు 15 వరకు పోవును. తాడు జారి తల్లి శరీరపుటొత్తిడికి లోనైన క్షణమునుండి శిశువునకు ప్రాణవాయువు తగ్గిపోవును గనుక, పాదములు దిగిన బిడ్డకు మామూలు కాన్పు తలపెట్టరాదని ప్రసూతిశాస్త్రజ్ఞులు ఏకకంఠముగా చెప్పుదురు.

మామూలు కాన్పులో ఎదురుకాళ్ళ బిడ్డకు గల అపాయము ఎక్కడ దాగి యున్నదో వివరముగా తెలిసికొనుట మంచిది; లేనిచో "మా అవ్వకు ఎదురుకాళ్ళ బిడ్డ ఇంట్లోనే సుకంగా పుట్టె గదా" అను మాటకు సమాధానము దొరకదు. తల ముందుగా వచ్చు ప్రసవములో, శిశుశరీరములోకెల్ల పెద్దదియు గట్టిదియునగు భాగము గంటల తరబడి నొప్పుల ఒత్తిడికి లోనై, కపాలపుటెముకలు ఒకదాని అంచుపై నొకటి స్వల్పముగా జరుగగా, కటివలయమునకు అనువగు ఆకారమును పొందుచు దిగివచ్చును. దారి చాలదేని ఆ సంగతి ముందుగనే తెలియును. శిశువు ఇంకను లోపలనే, మాయనుండి ప్రాణవాయువు పొందుచునే యుండగా, ఆపరేషనుకు వ్యవధి చిక్కును. ఎదురుకాళ్ళ కాన్పులో ఈ వరుస తారుమారగును. పిరుదులు, కాళ్ళు, నడుము, ఛాతి, భుజములు వెలువడిన తరువాత కట్టకడపట రావలసినది తల. అది సర్దుకొనుటకు గంటలు లేవు. నాభి వెలుపలికి వచ్చినది మొదలు బొడ్డుతాడు తలకును తల్లి కటియెముకలకును నడుమ నొత్తుకొని యుండును. కొలది నిమిషములలో తల బయటపడవలెను. చేతులు పైకిపోయి మెడవెనుక చిక్కుకొన్నను, గడ్డము ఛాతికి ఆనక తల వెనుకకు వాలినను, ఆ కొలది నిమిషములు చాలవు. నెలలు నిండని బిడ్డయైనచో సన్నని మొండెము సగము తెరచుకొన్న గర్భాశయముఖమునుండియే జారి, తల లోపల చిక్కుకొనవచ్చును. పెక్కు కాన్పులు సుఖముగనే ముగియుననుట నిజము; ముగియనివానిలో మాత్రము వెనుకకు మరలుటకు దారి యుండదు.

ఈ చిక్కు మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానములో మూఢగర్భమునకే, అనగా ద్వారమున అడ్డుపడి నిలిచిన గర్భమునకే, ఒక అధ్యాయము కేటాయింపబడినది. కీలము, ప్రతిఖురము, బీజకము, పరిఘము అని నాలుగు విధములును, శిశువు ఏ యే అవయవముతో ద్వారమునకు వచ్చి నిలుచునో చెప్పు ఎనిమిది గతులును అందు వివరింపబడినవి. పిరుదులతో దిగిన శిశువు విషయమున పిరుదులను పైకి నొక్కి, కాళ్ళను చాచి, వెలికి తీయవలెనని చికిత్సాస్థానము విధించుచున్నది. నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆ అధ్యాయపు ఆరంభమునందలి హెచ్చరిక: కంటికి కానరాని చోట, చేతి స్పర్శ మాత్రమే ఆధారముగా చేయవలసిన పని గనుక, ఇంతకంటె కష్టమైన చికిత్స లేదనియు, అధిపతి అనుమతి పొంది, సర్వప్రయత్నముతో పూనుకొనవలెననియు సుశ్రుతుడు చెప్పెను. నేడు ఆ అనుమతి ఇయ్యవలసినది గర్భవతియే. భర్తయు, అత్తయు, తల్లియు సలహా చెప్పవచ్చును. ఆమెకు విషయమంతయు తేటతెల్లముగా చెప్పి, ఆమె నోట సమ్మతి పొందుట వైద్యుల విధి.

ఐరోపాలో ఫ్రాన్సుదేశపు మోరిసో 1668లో ప్రకటించిన ప్రసూతిగ్రంథమునుండి, నార్వేదేశపు లొవ్‌సెట్ 1937లో వర్ణించిన భుజములను విడిపించు పద్ధతి వరకు, చివరి తలను సురక్షితముగా తెచ్చు ఉపాయములెన్నో పుట్టినవి. వీని నన్నిటిని నడుపు సూత్రము ఒక్కటియే: లాగరాదు. నాభి వరకు శిశువు తల్లి నొప్పులతోనే దిగిరావలెను. లాగినచో చేతులు పైకి పోవును, తల వెనుకకు వాలును. మన మంత్రసానులలో చేయి తిరిగినవారు ఈ ఓర్పు నెరిగియే యుండిరి. పుట్టిన బిడ్డలకు గౌరవమును దక్కినది: ఎదురుకాళ్ళతో పుట్టినవారిచేత తొక్కించుకొన్నచో నడుము పట్టు వదలునని నేటికిని మన ఊళ్ళలో నమ్ముదురు, పట్టు పట్టినవారు వారి నింటికి పిలిపించుకొందురు. బ్రతికి బట్టకట్టినవారినే మనము చూచుచున్నాము. పుట్టుచునే పోయినవారి లెక్క ఏ ఇంటను నిలువలేదు. ఇంటి కాన్పుల జ్ఞాపకములను ఈనాటి నిర్ణయమునకు ప్రమాణముగా గొనరాదనుటకు నాకు తోచిన ప్రధాన హేతువు ఇదియే.

లెక్క సక్రమముగా తీయుటకు పూనుకొన్నది కెనడా దేశమున టొరంటో విశ్వవిద్యాలయపు మేరీ హన్నా నాయకత్వమున జరిగిన పరిశోధన. 26 దేశములలోని 121 ఆసుపత్రులలో, నెలలు నిండి తల పైకున్న బిడ్డలను మోయుచున్న 2,088 మంది స్త్రీలను చీట్లు వేసినట్లు రెండుగా విభజించి, సగము మందికి ముందుగా నిశ్చయించిన ఆపరేషనును, సగము మందికి మామూలు కాన్పు ప్రయత్నమును విధించిరి. 2000 అక్టోబరులో లాన్సెట్ పత్రికలో ఫలితములు వెలువడినవి. శిశుమరణము గాని తీవ్రమైన అస్వస్థత గాని ఆపరేషను వర్గములో నూటికి 1.6, మామూలు కాన్పు వర్గములో నూటికి 5.0. ప్రపంచమంతటను ప్రసూతిగృహముల పోకడ కొలది కాలములో మారిపోయినది. నెదర్లాండ్సులో ఎదురుకాళ్ళ బిడ్డలకు ఆపరేషనుల పాలు రెండు మాసములలోనే నూటికి 50 నుండి 80కి పెరిగెను. ఒకే పరిశోధనా పత్రము ఇంత శీఘ్రముగా వైద్యుల చేతిపనిని మార్చివేసిన ఉదాహరణములు అరుదు.

ఐతే ఆ పత్రమును తుదివరకు చదివినవారికి మరికొన్ని సంగతులు కనబడును. ఈ వ్యత్యాసమంతయు శిశుమరణములు తక్కువగా నున్న దేశములలోనే ప్రస్ఫుటముగా నుండెను: అచ్చట 0.4కు 5.7. శిశుమరణము లెక్కువగా నున్న దేశములలో 2.9కి 4.4 మాత్రమే, ఆ భేదము నిశ్చయముగా చెప్పదగినంతటిది కాదు. 2004లో వెలువడిన రెండవ విడత పరిశీలనలో, కొన్ని కేంద్రములలోని పిల్లలను రెండేండ్లు నిండిన పిదప చూడగా, మరణమో బుద్ధిమాంద్యాది లోపమో కలిగినవారు ఆపరేషను వర్గములో నూటికి 3.1, మామూలు కాన్పు వర్గములో 2.8, అనగా ఇంచుమించు సమానము. అనుభవజ్ఞులు దగ్గర లేకుండ జరిగిన కాన్పులు ఆ లెక్కలో చేరినవని విమర్శకులు ఆక్షేపించిరి. 2006లో ఫ్రాన్సు, బెల్జియము దేశముల ఆసుపత్రులలో ఎనిమిది వేలకు పైగా స్త్రీలను పరిశీలించిన మరియొక అధ్యయనములో, తల్లులను జాగ్రత్తగా ఎంపిక చేసి, నిపుణులు దగ్గర నుండి, ప్రసవకాలమంతయు శిశుహృదయమును గమనించుచు జరిపిన మామూలు కాన్పులలో అపాయము ఆపరేషనుకంటె గణనీయముగా హెచ్చలేదని తేలెను. 2017లో బ్రిటిషు ప్రసూతివైద్య కళాశాల ఈ సమాచారమంతయు క్రోడీకరించి ఇచ్చిన అంచనా నాకు అన్నిటికంటె స్పష్టముగా తోచినది: 39 వారములు నిండిన పిమ్మట ముందుగా నిశ్చయించి చేసిన ఆపరేషనులో శిశుమరణము వేయికి సుమారు 0.5, తల క్రిందుగా నున్న సామాన్య ప్రసవములో వేయికి సుమారు 1, ఎదురుకాళ్ళతో మామూలు కాన్పు తలపెట్టినచో వేయికి సుమారు 2. భేదము గలదు, అది భయపెట్టు భేదము కాదు. కాని ఈ అంచనాలు నిముషములలో ఆపరేషను గది తెరువగల ఆసుపత్రులకు చెందినవి. పత్తికొండ ప్రాంతమునుండి ప్రసవవేదనతో బయలుదేరి, రెండు గంటలకు పైగా త్రోవలో గడపవలసిన తల్లికి ఈ 2 అను అంకె వర్తింపదు. ఆమె అపాయమెంతయో ఎవ్వరును కొలువలేదు. అధికమనుటలో సందేహము లేదు.

ఇక ఆపరేషను, మన జనులు పెద్దాపరేషనని పిలుచునది, నిర్ణయమునకు రెండవ కొస. దాని మూల్యము తల్లి మోయును: అధిక రక్తస్రావము, కుట్టు చీము పట్టుట, మత్తు సంబంధమైన చిక్కులు. గర్భవతులలో సగమునకు పైగా రక్తహీనతతో నున్న మన రాష్ట్రములో నెత్తురు పోవుట చిన్న విషయము కాదు. అంతకంటె దూరమువరకు ప్రసరించు మూల్యము తరువాతి గర్భములలో కనబడును. గర్భాశయముపై మచ్చ పడిన పిదప, మరుసటి కాన్పు నొప్పులలో ఆ మచ్చ విచ్చుకొనవచ్చును. మాయ ఆ మచ్చపైననే వేళ్ళు తన్నినట్లు అంటుకొని, ఊడిరాక, ప్రాణాంతకమగు రక్తస్రావమును కలిగింపవచ్చును. ఈ అపాయము ప్రతి ఆపరేషనుతో హెచ్చుచుండును. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కలలో ఆపరేషను కాన్పులు దేశమంతటికి నూటికి 21.5 కాగా ఆంధ్రప్రదేశములో 42.4, తెలంగాణములో 60.7. ఇందులో ఎదురుకాళ్ళ బిడ్డల పాలు స్వల్పము. తొలికాన్పులో కారణమేదైనను ఒకమారు కోసిన కడుపు రెండవమారును కోయబడుట వాడుకయైపోయినందున, మొదటి ఆపరేషనును తప్పింపగలిగిన ప్రతి అవకాశమును వెదకుట తల్లులకు మనము చేయదగిన మేలు.

అట్టి అవకాశమొకటి కలదు. దానిని గూర్చి మన వైపు వినబడవలసినంతగా వినబడకపోవుట నాకు మిక్కిలి విచారము కలిగించుచున్నది. అది బయటినుండి చేతులతో బిడ్డను త్రిప్పుట. తొలిచూలు స్త్రీకి 36వ వారము నుండియు, మునుపు ప్రసవించినవారికి 37వ వారము నుండియు దీనిని చేయవచ్చును. మొదట స్కానింగులో శిశువు భంగిమను, మాయ స్థానమును, ఉమ్మనీటి పరిమాణమును చూతురు. శిశుహృదయస్పందనలను గుర్తించు పట్టీని కొంతసేపు తీయుదురు. గర్భాశయము బిగుసుకొనకుండ సడలించు మందును సూదిద్వారా ఎక్కింతురు. స్త్రీ మూత్రవిసర్జన చేసి వచ్చి, కొంచెము ప్రక్కకు ఒత్తిగిలి పరుండును. వైద్యురాలు కడుపునకు జిగట ద్రవము పూసి, ఒక చేతి వ్రేళ్ళను పొత్తికడుపు క్రిందికి చొప్పించి, కటివలయములో దిగియున్న పిరుదులను మొట్టమొదట పైకి లేవనెత్తును; ఇది కుదరనిచో తక్కినది కుదరదు. పిరుదులు లేచి ఒక ప్రక్కకు జరిగిన వెంటనే రెండవ చేతితో తలను, గడ్డము ఛాతికి ఆనునట్లు, ముక్కు చూచుచున్న దిక్కునకు మెల్లగా నొత్తుచు క్రిందికి త్రిప్పును. పిల్లిమొగ్గలో సగము దాటినంతనే శిశువు తక్కిన సగము తానే జారి తిరిగిపోవుట చేతులకు తెలియును. అంతయు కొలది నిమిషముల పని. తల్లి కోర్వరాని నొప్పియైనను, శిశుహృదయవేగము తగ్గినను, అక్కడికక్కడ ఆపివేయుదురు. పిమ్మట మరల పట్టీ తీసి చూతురు. తల్లి రక్తము ఆర్‌హెచ్ నెగటివైనచో ఆంటీ-డి సూది వేయుదురు.

ఇది తొలిచూలు స్త్రీలలో నూటికి సుమారు 40, మునుపు ప్రసవించినవారిలో సుమారు 60 పర్యాయములు ఫలించును. తిరిగిన బిడ్డ మరల తల పైకెత్తుట అరుదు. వెంటనే ఆపరేషను అవసరమగునట్టి చిక్కు రెండు వందలలో ఒకరికి కలుగవచ్చును. అందుచేతనే ఆపరేషను గది, మత్తు వైద్యులు సిద్ధముగా నున్న చోటనే దీనిని చేయవలెను. మాయ అడ్డముగా నున్నవారికి, ఇటీవల రక్తస్రావమైనవారికి, ఉమ్మనీరు పోయినవారికి, కవలలకు, శిశుహృదయపు పట్టీలో లోపమున్నవారికి ఇది తగదు. ఒకమాట గట్టిగా చెప్పవలెను: ఇంటిలో ఆముదము రాచి కడుపు పిసికించుకొని బిడ్డను త్రిప్పించుకొనుట ఈ చికిత్స కాదు. స్కానింగు లేక, హృదయధ్వని గమనింపక ఒత్తిన చేతి క్రింద మాయ ఊడినచో ఆ ఇంటిలో చేయగలిగినదేమియు నుండదు.

కావున ఆసుపత్రిలో తల పైకున్నదని చెప్పిన క్షణమున గర్భవతి అడుగవలసిన మొదటి మాట, "అమ్మా, బయటి నుంచి తిప్పేకి అయితాదా? ఈడ చేస్తారా, కర్నూలుకు పోవల్లనా?" అనునది. కర్నూలు సర్వజన వైద్యశాల వంటి బోధనాసుపత్రిలో ప్రసూతివిభాగము, మత్తు విభాగము, శిశువైద్య విభాగము, రక్తనిధి ఒకే ఆవరణలో నుండును గనుక ఈ ప్రశ్న తీసికొనిపోదగిన స్థలము అదియే. 36వ వారమున అడిగిన ప్రశ్నకు విలువ యున్నది. 39వ వారమున, నొప్పులు మొదలైన పిదప, అది చాలవరకు వ్యర్థము.

ఇచ్చటనే మన ఆచారమొకటి అడ్డు తగులును. తొలికాన్పు పుట్టినింట జరుగుట మర్యాద. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో కూతురును పుట్టింటివారు పిలుచుకొనివత్తురు. బళ్ళారిలోనో, కర్నూలులోనో, హైదరాబాదులోనో ఆరేడు నెలలు చూపించుకొన్న స్త్రీ, బిడ్డ తిరుగవలసిన ఆ వారములలోనే వైద్యులను మారును. పాత స్కానింగు కాగితములు అత్తవారింట బీరువాలోనే మిగిలిపోవును. క్రొత్త డాక్టరమ్మకు ఆమె రక్తవర్గము తెలియదు, మాయ ఎక్కడ నున్నదో తెలియదు. మరికొన్ని కుటుంబములు పొలములో పనిలేని కాలమున మిరప, పత్తి కోతలకు గుంటూరు వైపు వలసపోవును. ఆ నెలలలో పరీక్షలే జరుగవు, తిరిగివచ్చునప్పటికి నెలలు నిండియే యుండును. పుట్టింటి మర్యాదను వదలుకొమ్మని నేను చెప్పను. ప్రసవించు స్త్రీకి తల్లి చెంత లభించు ధైర్యము వేరెచ్చటను లభింపదు. తల్లీబిడ్డ కార్డును, స్కానింగు కాగితములను చీరెల మడతలతో పాటు సంచిలో పెట్టి పంపవలెను. వచ్చిన వారములోనే క్రొత్త ఊరి ఆశా కార్యకర్తకును ఏఎన్‌ఎంకును చూపింపవలెను. అంతమాత్రముననే 36వ వారపు ప్రశ్న 36వ వారమున అడుగబడును.

త్రిప్పుట ఫలింపనిచో, లేక తగదని తేలినచో, మిగిలినవి రెండు మార్గములు. శిశువు బరువు మితముగా నుండి, మెడ వంగియుండి, పాదములు దిగకుండ, తల్లి మునుపు మామూలుగా ప్రసవించినదై, నొప్పులు తమంత తామే ఆరంభమై సక్రమముగా సాగుచు, ఈ కాన్పులలో చేయి తిరిగిన వైద్యులు రాత్రింబవళ్ళు దగ్గర నున్నచో, మామూలు కాన్పు తలపెట్టుట అవివేకము కాదు. అట్లు తలపెట్టినవారిలోను నూటికి సుమారు 40 మంది తుదకు ఆపరేషనుకే పోవుదురని ముందుగా తెలిసికొని యుండవలెను. ఈ నియమములలో ఏ ఒక్కటి లోపించినను, ముఖ్యముగా చివరిది లోపించినను, 39వ వారమున ముందుగా నిశ్చయించుకొన్న ఆపరేషనే మేలు. అంతకు ముందే చేసినచో శిశువు ఊపిరితిత్తులు పూర్తిగా సిద్ధపడక శ్వాసకు ఇబ్బంది కలుగవచ్చును. 2000 సంవత్సరము తరువాత చదువుకొన్న వైద్యులలో పెక్కురకు ఎదురుకాళ్ళ కాన్పు చేయు అభ్యాసము లభింపలేదు గనుక, మన ప్రాంతములో చాలమందికి రెండవ మార్గమే దిక్కగుచున్నది. ఇది నేను ఇష్టపడి చెప్పుచున్నది కాదు. నైపుణ్యము లేనిచోట ఉన్నట్లు భావించుట తల్లీబిడ్డలకు ద్రోహము. ఆపరేషను దినమున బల్లమీదికి పోకమున్ను మరల ఒకమారు స్కానింగు చేయుమని అడుగవలెను. కడపటి వారములలో తమంత తాము తిరిగిన బిడ్డలు లేకపోలేదు.

ఆ దినమునకు రెండు మూడు దినములు ముందుగనే ఆదోనిలోనో కర్నూలులోనో బంధువుల యింట దిగుట, లేక ఆసుపత్రిలోనే చేరుట, నా దృష్టిలో ఔషధముతో సమానము. రక్తము ఇయ్యగల ఇద్దరు బంధువుల పేర్లు ముందే వ్రాసి యుంచవలెను. పత్తికొండకు గుత్తి వైపు ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన ధర్మశాసనములలో రెండవది మనుష్యచికిత్సను, పశుచికిత్సను, ఓషధుల నాటింపును చెప్పి, ఆ వాక్యమును ఆనుకొనియే త్రోవల ప్రక్కన బావులు త్రవ్వించుటను, చెట్లు పెట్టించుటను చెప్పుచున్నది. వైద్యమును, వైద్యమునకు చేర్చు త్రోవను ఆ రాజు ఒకే శాసనములో చేర్చెను. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 వాహనము మన పల్లెలకు వచ్చి చేరువరకు గడియారము చూచుకొన్న కుటుంబములకు ఆ చేర్పు ఎంత సమంజసమో తెలియును.

అనుకొన్న దినమునకు ముందే ఉమ్మనీరు పోయినచో నొప్పులకై ఎదురుచూడరాదు. వెంటనే 108కి చెప్పి, బిడ్డ తల పైకున్నదను మాటను మొదటనే చెప్పవలెను. తాడు బయటికి కనబడినచో దానిని ముట్టి లోపలికి త్రోయరాదు. స్త్రీని మోకాళ్ళును మోచేతులును నేల కానించి, పిరుదులు పైకి లేచియుండునట్లు వంచి యుంచవలెను. వాహనములో ఎడమప్రక్కకు పరుండబెట్టి నడుము క్రింద ఎత్తు పెట్టవలెను. త్రోవలోనే పిరుదులు కనబడినచో, చూచువారికి ఎంత ఆతురత కలిగినను, పట్టి లాగరాదు.

బిడ్డ ఏ మార్గమున పుట్టినను ఒక పరీక్ష మిగిలి యుండును. దీనిని చాలమంది మరచిపోవుదురు. కడపటి వారములలో తల పైకుండి, కాళ్ళు చాచి ముడుచుకొన్న శిశువుల తుంటికీలు గుంటలో చక్కగా కుదురుకొనక వదులుగా నుండు అవకాశము ఎక్కువ. ఆడపిల్లలలో ఇది మరింత ఎక్కువ. ఆపరేషనుతో పుట్టినంత మాత్రమున ఇది తొలగదు. పుట్టిన వెంటనే వైద్యుని చేతి పరీక్షయు, ఆరు వారముల వయస్సున తుంటికి స్కానింగును చేయింపవలెను. పురిటి బిడ్డను నీళ్ళు పోసిన పిమ్మట కాళ్ళు తిన్నగా చాపి గుడ్డతో బిగించి చుట్టు అలవాటు మన ఇండ్లలో నున్నది. ఈ బిడ్డలకు అది కూడదు, కాళ్ళు ఎడముగా మడచుకొని కదలించుకొనుటకు చోటు విడువవలెను. తుంటి వదులు మొదటి నెలలలో కనిపెట్టినచో మెత్తని పట్టీలతో కాళ్ళను కొన్ని వారములు మడచి యుంచుటతోనే చాలవరకు సరిపడును; నడక వచ్చి కుంటు కనబడిన తరువాత తెలిసినచో ఎముకల ఆపరేషను తప్పకపోవచ్చును.